చెక్కు అడుగున వింత అంకెలు

ఇలా దగ్గరికి రండర్రా, ఈ చెక్కు చూడండి. అడుగున తెల్లటి పట్టీ మీద అంకెలున్నాయే, మీ లెక్కల పుస్తకంలో వాటిలా ఉన్నాయా? లేవు కదూ! ఒకటికి పాదం లావు, ఎనిమిదికి నడుం కింద లావు. ఆ లావూ సన్నం ఒక యంత్రం కోసం పెట్టినవి.

ఆ అంకెలు అచ్చువేసే సిరాలో ఐరన్ ఆక్సైడ్ పొడి కలుపుతారు. చెక్కు యంత్రం లోపలికి దూరగానే ఓ అయస్కాంతం ఆ సిరాకు తన గుణం అంటిస్తుంది. వెంటనే అంకెలు వాటిని చదివే ఓ చిన్న హెడ్ ముందు నుంచి పరుగెత్తుతాయి. లావు గీత దాటితే కరెంటు ఒకలా పొంగుతుంది, సన్న గీత దాటితే ఇంకోలా. ఒక్కో అంకెకు ఒక్కో అల. పొద్దుగూకి పశువులు ఇంటికొచ్చే వేళ మా నాయనమ్మ వంటింట్లోంచే, "అదిగో కర్రావు వచ్చింది, దాని వెనక పెయ్య" అనేది. మెడలో గంట విని చెప్పడమే, తల తిప్పి చూసేది కాదు. ఈ యంత్రమూ అంతే. అంకెల మీద రబ్బరు స్టాంపు పడినా దానికి అడ్డు కాదు, స్టాంపు సిరా అయస్కాంతానికి లొంగదు కదా!

1950ల్లో అమెరికాలో చెక్కులు గుట్టలు పడిపోయి, లెక్కలు తేల్చుకోవడానికి బ్యాంకులు మధ్యాహ్నం రెండింటికే తలుపులు మూసేవి. అప్పుడు బ్యాంక్ ఆఫ్ అమెరికా అడిగితే స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ ఉపాయం కనిపెట్టారు. అప్పటిదాకా అక్కడ ఖాతాలు పేర్ల వరసలో ఉండేవి. యంత్రం కోసమే వాటికి నంబర్లు వచ్చాయి. ఎంత బాగుందో చూడండి, మనం రోజూ రాసే ఖాతా నంబరుకు ఇంత కథ!

మన చెక్కు మీద ముందు ఆరంకెల చెక్కు నంబరు, ఆ తర్వాత తొమ్మిదంకెలు. అందులో మొదటి మూడూ ఊరు, తర్వాత మూడూ బ్యాంకు, చివరి మూడూ బ్రాంచి. హైదరాబాదుకు 500, విజయవాడకు 520, విశాఖకు 530. పోస్టు పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలూ ఇవే!

ఒకప్పుడు చెక్కులు సంచుల్లో, బ్యాంకులు వాటిని మార్చుకునే క్లియరింగ్ హౌస్‌కు వెళ్లేవి. 2008లో ఢిల్లీలో మొదలైన పద్ధతితో ఇప్పుడు ఫొటో మాత్రమే వెళుతుంది, కాగితం వేసిన బ్యాంకులోనే ఉండిపోతుంది. ఆ ఫొటో ఎవరి గడపకు చేరాలో చెప్పేవి మాత్రం ఇంకా ఈ అంకెలే. అందుకే ఆ పట్టీని మడవకండి, దాని మీద ఏమీ రాయకండి.