480 పేర్ల బ్యాలెట్

ఓటు వేయడానికి పోయిన మనిషి చేతిలో పుస్తకమంత బ్యాలెట్ పెట్టి, మీకు కావలసిన గుర్తు వెతుక్కుని ముద్ర వేయండి అన్నారు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో జరిగిన ముచ్చట ఇది. పోటీలో నిలిచినవాళ్లు 480 మంది. గుర్తులు చాలక, బ్యాలెట్ అచ్చు వేయడం మామూలు గడువులో కాక, అక్కడి పోలింగ్‌ను నెల రోజుల పాటు వాయిదా వేయాల్సి వచ్చింది. శేషన్ పేరు చెబితే రాజకీయ నాయకులు హడలిపోతున్న కాలమది. ఆయన నడుపుతున్న ఎన్నికల సంఘాన్నే ఇరకాటంలో పెట్టింది, నడుములు వంగిపోయిన మనుషులున్న ఒక జిల్లా.

నామినేషన్లు వేసినవాళ్లలో ఎక్కువమందికి గెలవాలన్న ఆశ లేదు. డిపాజిట్ పోతుందని తెలిసే కట్టారు. బ్యాంకు ఉద్యోగం వదులుకుని జలసాధన సమితిని నడిపిన దుశ్చర్ల సత్యనారాయణ వాళ్లను కూడగట్టారు. అడిగింది ఒక్కటే: తాగడానికి కృష్ణా నీళ్లు.

నల్లగొండ మెట్ట ప్రాంతం కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాతిలోని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. భూమిలోకి ఇంకిన కొద్దిపాటి నీరు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను తనలో కలుపుకుంటుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు బోర్లలో ఆ గీతకు విలువ లేకపోయింది. ముందు పళ్లకు గార పడుతుంది. తర్వాత కీళ్లు బిగుస్తాయి, మెడ తిరగదు, పిల్లల కాళ్లు వంకరపోతాయి. ఒకసారి వంగిన ఎముకను సరిచేసే మందు లేదు. ఉన్న ఉపాయమల్లా నీళ్లు మార్చడమే.

నీళ్లు మరీ దూరాన లేవు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఉన్నది ఆ జిల్లా అంచునే. కానీ నీరు పల్లమెరుగు. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలను తడుపుతూ దిగువకు పోయింది. ఎత్తున ఉన్న దేవరకొండ, మునుగోడు పల్లెలు బోరు నీళ్లతోనే మిగిలాయి. ఇంకో విడ్డూరం ఏమిటంటే, నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు రూపొందించి, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా పల్లెల దాకా వెళ్లింది. ఊరి పేరు మందుకు పెట్టారు గానీ ఊరి జబ్బు ఊళ్లోనే ఉండిపోయింది.

ఆ కోపమే బ్యాలెట్‌కెక్కింది. అప్పట్లో లోక్‌సభకు పోటీ చేయాలంటే డిపాజిట్ 500 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 250. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ సొమ్ము గల్లంతు. అందరూ పూర్తి డిపాజిట్ కట్టారనుకున్నా 480 మందికీ కలిపి రెండు లక్షల నలభై వేలకు మించదు. దేశమంతటి దృష్టి పడటానికి అది పెద్ద ఖర్చేమీ కాదు. ధర్నా చేస్తే పోలీసులు లేపేస్తారు, అర్జీ ఇస్తే ఫైల్లో పడుతుంది. నామినేషన్‌ను మాత్రం, పత్రాలు సక్రమంగా ఉంటే, ఏ అధికారీ తోసిపుచ్చలేడు. అచ్చు వేయాల్సిందే, గుర్తు ఇవ్వాల్సిందే, లెక్కపెట్టాల్సిందే.

పార్టీల వాళ్లకూ తిప్పలు తప్పలేదు. గుర్తింపు పొందిన పార్టీల పేర్లు పైన, స్వతంత్రులవి కింద అనే వరుస అప్పటికి లేదు. అందరూ అక్షర క్రమంలోనే ఉండాలి. కంకి కొడవలి ఏ పేజీలో ఉందో, కమలం ఏ పేజీలో ఉందో ఓటరే వెతుక్కోవాలి. చివరికి గెలిచింది సీపీఐ అభ్యర్థి, గీత కార్మికుల నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. 1952లో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లిచ్చిన నియోజకవర్గం మరి. 480 పేర్ల మధ్య కూడా కొడవలిని పోల్చుకుంది. రెండో స్థానంలో నిలిచిన బీజేపీ అభ్యర్థి నల్లు ఇంద్రసేనారెడ్డి 2023లో త్రిపుర గవర్నర్ అయ్యారు. ఆ పదవికి మన దగ్గర ఎన్నిక ఉండదు. రాజ్యాంగ ముసాయిదాలో గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకోవాలన్న ఆలోచన ఉన్నా, 1949లో దాన్ని పక్కనపెట్టి రాష్ట్రపతి నియామకానికి మొగ్గారు.

గవర్నర్‌ను ఎన్నుకునే అమెరికాలోనూ ఇలాంటి జాతర ఒకటి జరిగింది. 2003 అక్టోబరులో కాలిఫోర్నియాలో పదవిలో ఉన్న గవర్నర్‌ను దించి కొత్తవారిని ఎన్నుకునే పోలింగ్ పెడితే 135 మంది బరిలో దిగారు. 65 సంతకాలు, 3,500 డాలర్లు ఉంటే చాలు. సినీ నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ గెలిచారు. అక్కడ చాలామంది సరదాకో పేరుకో నిలబడ్డారు. నల్లగొండలో నిలబడినవాళ్లకు సరదా ఎక్కడిది!

1996లోనే తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది, కర్ణాటకలోని బెల్గాంలో 456 మంది పోటీ చేశారు. ఈ మూడు చోట్ల దెబ్బ తిన్న వ్యవస్థ చకచకా కదిలింది. అదే ఏడాది ఆగస్టుకల్లా చట్టం మారింది: డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలైంది, స్వతంత్ర అభ్యర్థిని పది మంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు, బ్యాలెట్‌లో గుర్తింపు ఉన్న పార్టీలకు ముందు వరుస ఇచ్చారు. 1996లో దేశమంతటా 13,952 మంది లోక్‌సభకు పోటీ చేస్తే, 1998లో ఆ సంఖ్య 4,750కి పడిపోయింది. ఇప్పుడు డిపాజిట్ 25,000. నాటి 480 మంది ఈ రేటు ప్రకారం కట్టాలంటే కోటీ ఇరవై లక్షలు కావాలి.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు నిజామాబాద్‌లో ఇదే ఎత్తు వేశారు. 185 మంది అభ్యర్థుల కోసం ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. 2021లో మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి 93 మంది నిలబడితే బ్యాలెట్ దినపత్రికంత అయింది, లెక్కింపు రోజుల తరబడి సాగింది. అది నిరసన కాదులెండి, ఆశావహుల రద్దీ.

నల్లగొండకు నీళ్లు వచ్చాయి, నెమ్మదిగా, విడతలుగా. సాగర్ వెనక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసే పథకం ఒక దారి. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో నిలబెట్టారు. ఇంకో దారి, శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం. పాత పాలమూరు జిల్లా నేల కింద నుంచి నల్లగొండకు నీరు పంపాలని తలపెట్టినది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు దాని పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అప్పటికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లకు పైగా తవ్వాల్సి ఉంది.