అరచేతుల చెమటకు ఆపరేషన్ అవసరమా?



కర్నూలు, కడప ఎండల్లో చెమట పట్టనిదెవరికి? ఒంటిని చల్లబరచడానికి ప్రకృతి చేసిన ఏర్పాటది. కానీ కొందరు పిల్లలకు ధనుర్మాసం చలిలో కూడా అరచేతులు కారిపోతుంటాయి. పరీక్ష కాగితం తడుస్తుంది, పెన్ను జారుతుంది. పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసు అందించాలంటే ఆడపిల్లకు హడలు. "ఎందుకే అంత కంగారు?" అని కసురుకుంటాం. పాపం, అది పిరికితనం కాదమ్మా. చెమట గ్రంథులను నడిపే నరాలు అవసరానికి మించి పనిచేయడమే. చాలామందికి చిన్న వయసులోనే మొదలవుతుంది, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఉంటుంది. నిద్రలో మాత్రం ఆగిపోతుంది.

పెద్దయ్యాక కొత్తగా ఒళ్లంతా చెమటలు పోసినా, రాత్రిళ్లు పక్క తడిసినా సంగతి వేరు. ముట్లుడిగే వయసు కావచ్చు, థైరాయిడో, క్షయో కావచ్చు. ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక ఆపరేషన్ సంగతి. నరం తెంచి చెమట ఆపే ప్రయత్నం 1920 నాటిదే. ఇప్పుడు మత్తిచ్చి, చంక కింద చిన్న రంధ్రాలు చేసి, కెమెరా గొట్టంతో చూస్తూ, వెన్నెముక పక్కనున్న నరాన్ని కత్తిరిస్తారు, లేదా క్లిప్పు వేస్తారు. చాలామందికి చేతులు వెంటనే పొడిబారతాయి.

వినడానికి బాగుంది కదూ? మెలిక ఇక్కడే ఉంది. చేతుల్లో ఆగిన చెమట చాలామందికి వీపు, పొట్ట, తొడల మీద మొదలవుతుంది. కొందరికి కొద్దిగానే, కొందరికి మాటిమాటికి బట్టలు మార్చుకోవలసినంత. ఎండ ముదిరితే అదీ ముదురుతుంది. 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, మే నెలలో పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఇది చిన్న విషయమా? తెగిన నరాన్ని మళ్లీ మామూలు చేస్తామని ఎవరూ గట్టిగా చెప్పలేరు. అరుదుగా కనురెప్ప వాలిపోవడమూ ఉంది.

అందుకని మెట్టుమెట్టుగా వెళ్లాలి. రాత్రి పొడి చేతులకు అల్యూమినియం క్లోరైడ్ మందు రాసి పొద్దున్నే కడుక్కోవడం మొదటిది. తర్వాత, నీళ్ల పళ్లేల్లో చేతులుంచి సన్నని కరెంటు పంపే చికిత్స. గర్భిణులకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. దానికి తగిన యంత్రం ఉంటుంది; ఇంటి కరెంటుతో ఎవరూ ప్రయత్నించకండి, ప్రాణాపాయం! మాత్రలున్నాయి, నోరు ఎండుతుంది. బొటాక్స్ సూదులున్నాయి, గుణం కొన్ని నెలలే. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన వైద్యశాలల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి, అక్కడ మొదలుపెట్టండి.

ఇవేవీ పనిచేయక, చదువూ ఉద్యోగమూ చెడుతుంటేనే కత్తి మాట. అప్పుడైనా "వీపు మీద చెమట వస్తే ఏం చేస్తారు?" అని సర్జన్‌ను నిలదీసి అడగండి. పెళ్లి కుదురుతుందని మాత్రం తొందరపెట్టకండి. మోయాల్సింది ఆ పిల్ల. నిర్ణయమూ ఆ పిల్లదే కావాలి.