స్టేషన్ – టేషను

ఒడిశాలోని కోరాపుట్, రాయగడల మధ్య రైలుమార్గం 1998 డిసెంబరులో పూర్తయింది. ఆ మార్గంలోని ఊళ్లలో కకిరిగుమ్మ ఒకటి. రైలు ఆగే చోటును తెలుగువారిలో కొందరు ‘స్టేషన్’ అంటారు, కొందరు ‘టేషను’ అంటారు. రెండో మాట విని నవ్వేవారూ ఉన్నారు. అది నవ్వవలసిన మాటేనా?

ఒక్క ఊపులో పలికే ధ్వనుల గుంపును అక్షరం అంటారు. కకిరిగుమ్మ అనే పేరులో ఐదు అక్షరాలున్నాయి. వ్రాతలో వాటిని క-కి-రి-గు-మ్మ అని విడదీస్తారు. పలికేటప్పుడు ద్విత్వంలోని మొదటి ‘మ్’ ముందున్న ‘గు’తో చేరి క-కి-రి-గుమ్-మ అవుతుంది. అందువల్లనే ఛందస్సులో ఆ ‘గు’ గురువు.

‘స్టేషన్’ అనే మాటను ఇంగ్లీషు లిపిలో ఏడు గుర్తులతో వ్రాస్తారు. కాని పలుకులో అక్షరాలు రెండే: స్టే-షన్. ఇంగ్లీషువారు మొదటి అక్షరాన్ని ఒత్తి పలుకుతారు. రెండో అక్షరంలోని అచ్చు వారి నోట దాదాపు వినిపించదు.

ఈ మాట రైళ్లకంటే ఎంతో పాతది. లాటిన్ భాషలో ‘స్తారే’ అంటే నిలబడటం. దాని నుండి పుట్టిన ‘స్తాతియో’ అంటే నిలిచే చోటు. అది ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. సంస్కృతంలో ‘స్థా’ ధాతువుకు కూడా నిలుచుట అనే అర్థం. స్థానం, స్థిరం అనే మాటలు దాని నుండి వచ్చినవే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి పుట్టి ఉంటాయని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. అంటే స్థానం, స్టేషన్ దూరపు చుట్టాలు. ఒకటి సంస్కృతం నుండి, మరొకటి ఇంగ్లీషు నుండి తెలుగులో చేరాయి.

తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ ‘బస్సు’ అయింది, స్టేషన్ చివర ‘ఉ’ చేరింది. మాట మొదట సంయుక్తాక్షరం వస్తే దాన్ని తేలిక చేయడం కూడా తెలుగుకు అలవాటే. స్థిరము ‘తిరము’ అయినట్లే స్టేషన్ ‘టేషను’ అయింది. ఇప్పుడు అక్షరాలు మూడు: టే-ష-ను. అయినా మాత్రలు మారలేదు. స్టే-షన్ రెండు గురువులు, నాలుగు మాత్రలు. టే-ష-ను ఒక గురువు, రెండు లఘువులు. అవీ నాలుగు మాత్రలే.

ఇంగ్లీషు చదివేటప్పుడు స్టే-షన్ అని పలకడం నేర్చుకోవాలి. ఇంట్లో అవ్వ ‘టేషను’ అంటే అది తప్పు కాదు. పరాయి మాటను తెలుగు తన పద్ధతిలో దిద్దుకున్న తీరు అది.