ఎర్ర చుక్క వెనక ఎవరున్నారు?

ఫోన్‌లో నాసా వాళ్ల 'ఫర్మ్స్' మ్యాప్ ఎప్పుడైనా తెరిచి చూశారా? ఫ్రీనే. లాగిన్ కూడా అక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కడ మంట కనిపించినా కొన్ని గంటల్లోనే అక్కడ ఎర్ర చుక్క పడుతుంది. మార్చిలో విజయవాడ దగ్గర జూమ్ చేస్తే కొండల వైపు చుక్కలు కనిపించొచ్చు. వరి కోతలయ్యాక చూస్తే డెల్టా పొలాల్లోనూ పడొచ్చు.

చుక్క చూడగానే 'అమ్మో, అడవి తగలబడిపోతోంది' అని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టేస్తాం. కాస్త ఆగండి. ఆ చుక్క మనం అనుకున్నంత చెప్పదు.

చుక్కంటే ఎన్ని ఎకరాలు?

ఉపగ్రహంలోని 'వీర్స్' అనే పరికరం నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది. ఒక్కో గడి దాదాపు 35 ఎకరాలు. అందులో ఒక మూల గడ్డి అంటుకున్నా చుక్క పడొచ్చు. 35 ఎకరాలూ కాలిపోయాయని దానర్థం కాదు. ఒక్కోసారి ఫ్యాక్టరీ వేడి కూడా చుక్కగా పడుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఈ ఉపగ్రహాలు మన మీదుగా ముఖ్యంగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక వెళ్తాయి. సాయంత్రం నాలుక్కి అంటుకుని ఎనిమిదికి ఆరిపోయిన మంట వాటికి దొరక్కపోవచ్చు.

అందుకే హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ శాస్త్రవేత్త సి.సుధాకర్ రెడ్డి బృందం మంటను కాకుండా మంట వదిలిన మచ్చను కొలిచింది. మంట ఆరిపోయినా నల్లటి నేల కొన్నాళ్లు అలాగే ఉంటుంది కదా. ఇస్రో రిసోర్స్‌శాట్-2 తీసిన చిత్రాల్లో ఆ మచ్చల్ని గుర్తించి దేశమంతా లెక్కేశారు. 2014లో కాలిన అటవీ ప్రాంతం 57 వేల చదరపు కిలోమీటర్లకు పైనే అని తేలింది. మన అడవుల్లో దాదాపు 7 శాతం. పాత ఉమ్మడి కృష్ణా జిల్లా లాంటివి ఆరున్నర జిల్లాలు అనుకోండి.

కొండపల్లిలో ఏం పోతుంది?

విజయవాడ పక్కనే కొండపల్లి రిజర్వు ఫారెస్ట్ ఉంది. వానలకి పెరిగిన గడ్డి ఫిబ్రవరికల్లా ఎండిపోతుంది. ఇలాంటి అడవిలో మంట నేల మీదే పాకుతుంది. పెద్ద చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. పోయేవి మొలకలు, చిన్న మొక్కలు. పైనుంచి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది. కానీ రేపు పెద్ద చెట్లు కావాల్సిన మొక్కలే మిగలవు.

కొండపల్లి బొమ్మలు చేసేది తెల్లపొణికి కర్రతో. ఆ చెట్టు పెరిగేది ఇలాంటి కొండల మీదే. కొత్త మొక్క పెరగకపోతే రేపు బొమ్మకి కర్ర ఎక్కణ్ణుంచి వస్తుంది?

అగ్గిపుల్ల గీసిందెవరు?

మన దగ్గర అడవి మంటలు దాదాపు అన్నీ మనుషుల వల్లే. ఆర్పకుండా విసిరేసిన బీడీ ఒక కారణం. కొత్త గడ్డి వస్తే పశువులు మేస్తాయని పెట్టే నిప్పు ఇంకోటి. రిజర్వు ఫారెస్ట్‌లో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం. మరి కేసులు పెడితే సరిపోతుందా?

కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో ఏమైందో చూడండి. అక్కడి సోలిగ గిరిజనులు ఎండలు ముదరకముందే ఆకులు, గడ్డి సన్నగా కాల్చేవాళ్లు. దాన్ని 'తరగు బెంకి' అంటారు. 1970ల్లో అభయారణ్యం అయ్యాక నిప్పు నిషేధం. తర్వాత లాంటానా కంప విపరీతంగా పెరిగింది. 'నిప్పు ఆపేశారు కాబట్టే కంప కమ్మేసింది' అన్నారు సోలిగలు. భరత్ సుందరం, అంకిల హిరేమఠ్ వంటి పరిశోధకులు ఆ మాటను కొట్టిపారేయలేదు. కొలిచి చూశారు. 1997 నుంచి 2008 లోపు లాంటానా ఉన్న చోట్లు దాదాపు రెట్టింపయ్యాయి. ఇప్పుడు అంత కంపకి మంట అంటుకుంటే పాత రోజుల్లోలా సన్నగా కాలి ఆగదు.

అలాగని మనమూ వెళ్లి కొండకి నిప్పు పెట్టాలని కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత కాల్చాలో తెలిసిన వాళ్ల పని అది. అటవీ శాఖ కూడా వేసవికి ముందే గడ్డి తీసేసి 'ఫైర్ లైన్లు' వేస్తుంది. మంట అక్కడికొచ్చి ఆగిపోవాలని.

డెల్టా చుక్క కథ వేరు

పొలంలో పడే చుక్క వెనక రైతుకి ఉన్న తొందర ఉంది. ఒకప్పుడు కోతకి రెండు మూడు రోజుల ముందే వరిచేలో మినుములు చల్లేవాళ్లు. కూలీలు కోసి, గడ్డి వామేసేవాళ్లు. ఇప్పుడు కూలీలు దొరక్క కోత మిషన్ వస్తోంది. దాని చక్రాల కింద మినుము మొలకలు నలిగిపోతాయి. గడ్డి చేనంతా పరుచుకుంటుంది. పదును ఆరేలోపు రెండో పంట పడాలి. గడ్డి తీయించాలంటే ఖర్చు. అగ్గిపుల్ల అర్ధరూపాయి కూడా కాదు. ఆ గడ్డితోపాటు నేలకి చేరాల్సిన నత్రజని, పశువుల మేత కూడా కాలిపోతాయి. ఈ సంగతి రైతుకీ తెలుసు. గడ్డి చుట్టే బేలర్ టైముకి ఊళ్లోకి వస్తే ఆయనకి నిప్పుతో పనుండదు. జరిమానా వేసినంత మాత్రాన బేలర్ రాదు కదా.

మ్యాప్ మీద రెండు చుక్కలూ ఒకే ఎరుపు. కొండ మీద దానికి కావాల్సింది ఫైర్ లైను, కాపలా, పశువులకి మేత. పొలంలో దానికి కావాల్సింది మిషను. రెండిటికీ ఒకటే రూలు రాస్తే ఏదీ ఆగదు.

మీరు చేయగలిగిందీ ఉంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో నంబర్ రిజిస్టర్ చేసుకుంటే మీ ప్రాంతంలో అడవి మంటల అలర్ట్ మెసేజ్‌గా వస్తుంది. కొండ మీద పొగ కనిపిస్తే ఉపగ్రహం వచ్చేదాకా ఆగకండి. 101కి ఫోన్ చేయండి. స్టేటస్ తర్వాత పెట్టొచ్చు.