తాతకు అర్థం కాని నా పేపరు

మా తాత బరంపురం పట్టుచీరలు నేసేవాడు. మగ్గం దిగి ఆరేళ్లయింది. ఇంట్లో ఆ పని తెలిసిన మనిషి ఇప్పుడు ఆయనొక్కడే. అందుకే ఈసారి సెమినార్ పేపరుకి మన చీర అంచు డిజైన్ తీసుకున్నాను. రాసింది ముందు ఆయనకే చదివి వినిపించాను. మొదటి వాక్యం ఇది:

"అంచు యొక్క ఆలంకారిక సంరచనయందు దేవాలయ ప్రతీకాత్మకత పరివ్యాప్తమై సౌందర్య సమగ్రతను ప్రతిపాదించుచున్నది."

తాత కాసేపు ఊరుకుని, "ఏటమ్మా ఇది? మన చీర గురించేనా?" అన్నాడు. తర్వాత, "కుంభం మొన ఎలా తేలుతుందో రాసేవా?" అని అడిగాడు.

రాయలేదు. నాకు తెలియదు కాబట్టి. 'ఆలంకారిక సంరచన' అని రాసేసరికి తెలిసినట్టే అనిపించింది. పెద్ద మాట నా తెలియనితనాన్ని నాకే కనిపించకుండా కప్పేసింది.

ఆ సాయంత్రం తాత చెప్పగా మళ్లీ రాశాను:

"చీర మధ్య భాగాన్ని ఒళ్లు అంటారు. ఒంటికీ అంచుకీ మధ్య గుడి శిఖరాల్లా వరసగా కనిపించే మొనలే కుంభం. మగ్గం మీద నిలువుగా ఉండే దారాలు పడుగు, అడ్డంగా వేసేది పేక, పేకని మోసేది నాడె. ఈ నేతకి మూడు నాడెలు కావాలి: రెండు అంచులకి చెరొకటి, ఒంటికి ఒకటి. నేతగాడు అంచు రంగు పేకని వరస వరసకీ మరికొన్ని పడుగు పోగులు లోపలికి పోనిస్తాడు. మొన తేలాక అలాగే వెనక్కి తగ్గిస్తాడు. రెండు రంగులు కలిసే చోట పేకలు ఒకదానికొకటి మెలిక పడాలి. లేకపోతే అక్కడ సందు పడుతుంది."

అమ్మది ఒడియా ఇల్లు. తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు. ఇది విని, వంటింట్లోంచి తన పెళ్లిచీర తెచ్చి కుంభం చూపించింది.

తేలికగా రాయడమంటే పనివాళ్ల మాటలు తీసేయడం కాదని అప్పుడు తెలిసింది. పడుగు, పేక, నాడె ఉండాల్సిందే. వాటికి బదులు వేరే మాటలు లేవు. మొదటిసారి వచ్చినప్పుడు ఒక ముక్కలో అర్థం చెబితే చాలు. తీసేయాల్సింది ఏ పనినీ చూపించని మాటల్ని. ఇంకోటి కూడా గమనించాను. నా పాత వాక్యంలో మనిషే లేడు, అంచు తనంతట తనే ఏదో ప్రతిపాదించేస్తోంది. కొత్తదాంట్లో నేతగాడు ఉన్నాడు.

ఇదంతా మనకి కొత్త కాదు. ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజని. చదువుకున్నవాళ్లు మాట్లాడే భాషలోనే పుస్తకాలూ ఉండాలని పోరాడిన ఆయన ఏళ్లతరబడి పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. దండ వేసి వచ్చి, 'ప్రతిపాదించుచున్నది' అని రాశాను నేను!

మీరూ పేపరు ఇచ్చేముందు ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ ఆపి అడుగుతారో అక్కడ మళ్లీ రాయాలి.

నా సెమినార్ వచ్చే సోమవారం. తాత వస్తానన్నాడు.