నడచు యంత్రమునకు క్రొత్త పాఠము

ఇల్లూడ్చు రోబోలు మన గృహములలో ప్రవేశించి కొన్ని సంవత్సరములైనది. పళ్లెమువలె గుండ్రముగ నుండి, నేలపై తనంత తాను తిరుగుచు, మంచముల క్రిందికి దూఱి దుమ్మును పీల్చుకొని, బ్యాటరీ తగ్గినప్పుడు గోడవారనున్న తన పీఠమును వెదకికొని పోయి నిలుచు నీ చిన్న యంత్రమును చూచి పిల్లలు నవ్వుదురు; మోకాళ్ల నొప్పులుగల పెద్దలు దీవింతురు. అయితే, సోదరీమణులారా, ఇది చీపురువంటి వస్తువు కాదు. చీపురు కొన్ననాడెట్లుండునో అఱిగిపోవువఱకు నట్లే యుండును. ఈ యంత్రమునకో, దానిని చేసినవారు దూరమునుండి యప్పుడప్పుడు క్రొత్త పాఠములు పంపుచుందురు. దానినే అప్‌డేట్ అందురు. పాఠము చక్కగా నెక్కినచో యంత్రము మునుపటికంటె తెలివిగా తిరుగును. నడుమ తెగినచో, నిన్నటివఱకు నిల్లంతయు నూడ్చినది నేడు దీపమును మిణుకుమనిపించుచు నొక మూల పడియుండును.

అట్టి సమయమున మన యిండ్లలో వినవచ్చు మాట యొకటియే: “నీకు తెలియదు, ముట్టుకొనకు, అబ్బాయి వచ్చినప్పుడు చూచును.” అబ్బాయి హైదరాబాదులోనో అమెరికాలోనో యుండును. యంత్రముతో ననుదినము మెలగునది గృహిణి. దాని చప్పుడులోని తేడాను మొదట కనిపెట్టునదియు నామెయే. అట్టి యామెను దూరముగ నిలుపుట మాకు న్యాయముగ తోపదు. ఇందలి విద్య యంత గహనమైనదియు కాదు.

రోబోకు దేహము వేఱు, బుద్ధి వేఱు. చక్రములు, కుంచెలు, బ్యాటరీ, త్రోవను కనిపెట్టు కన్నులు, ఇవి దేహము. సాఫ్ట్‌వేర్ అనబడు ఆజ్ఞల సముదాయము బుద్ధి. ఈ యాజ్ఞలు ఫ్లాష్ మెమొరీ యను భాండారమునందు వ్రాయబడి యుండును. కరెంటు పోయినను అవి చెఱగవు. యంత్రము మేల్కొనునప్పుడెల్ల వానిని చదివికొని పనికి పూనును. అప్‌డేట్ అనగా నీ బుద్ధిని మార్చుట. చిక్కంతయు నిక్కడనే యున్నది. ఏ బుద్ధితో యంత్రము క్రొత్త పాఠమును స్వీకరించుచున్నదో, ఆ బుద్ధినే తొలగించి దాని స్థానమున క్రొత్తదానిని నిలుపవలెను. పాతది చెఱిగి, క్రొత్తది పూర్తికాకమునుపే బ్యాటరీ యుడిగినచో, ఆ యంత్రమునకు తానెవరో తెలిసికొను మార్గమే యుండదు.

శంకరాచార్యులవారు అమరుక మహారాజు దేహమున ప్రవేశించిన కథ మనమెల్లరము విన్నదే. ఆయన తిరిగి వచ్చువఱకు శిష్యులు పూర్వదేహమును గుహలో కాచుకొనియుండిరి. తిరిగి వచ్చుటకు త్రోవ యుండవలెను గదా! మంచి యంత్రములను నిర్మించువారు నిట్టి జాగ్రత్తనే పాటింతురు. భాండారమున రెండు గదులు కట్టుదురు. ఒక గదిలో పాత బుద్ధి కదలకుండ నుండును. రెండవ గదిలో క్రొత్తదానిని పూర్తిగ దింపి, ఒక్క యక్షరమైనను తప్పిపోలేదనియు, పంపినవారి ముద్ర నిజమైనదేయనియు సరిచూచుకొని, అటుపిమ్మటనే యంత్రము రెండవ గదినుండి మేల్కొనును. సరిగా మేల్కొనలేకపోయినచో పాత గదికి తిరిగిపోవును. క్రొత్త ఆవకాయను రుచి చూడకయే పాత జాడీలో కలిపివేయు నిల్లాలెవరైన నుందురా? చౌకబాఱు యంత్రములు కొన్నింట గది యొక్కటియే యుండును. ఈ సంగతి నంగడివానిని అడిగిన లాభములేదు; వానికి రంగులును వెలలును మాత్రమే తెలియును.

ఈ జాగ్రత్త విలువ తెలియవలెనన్న, ఎవ్వరును చేతితో ముట్టుకొన వీలులేని రోబోల చరిత్రము వినవలెను. అంగారకగ్రహముపై తిరుగు రోవర్లు అట్టివి. అమెరికాలోని నాసా సంస్థకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ యింజనీర్లు కాలిఫోర్నియాలో కూర్చుండి వానిని నడుపుదురు. గ్రహముల దూరమునుబట్టి భూమినుండి యొక మాట అక్కడికి చేరుటకు 3 మొదలు 22 నిమిషములవఱకు పట్టును. బదులు వచ్చుటకు మఱల నంతయే. అక్కడ బటను నొక్కువారు లేరు, తీగ పీకి తగిలించువారు లేరు.

స్పిరిట్ అను రోవరు 2004 జనవరి 4వ తేదీన అచ్చట దిగినది. రెండు వారములు చక్కగా పనిచేసి, జనవరి 21వ తేదీన మాట తడబడసాగినది. ఆ దినమున ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా రేడియో కేంద్రమున ఉరుములవాన కురియుచుండుటచే, మొదట దోషము వానదేయని తలచిరి. వాన వెలిసెను గాని రోవరు తేఱుకొనలేదు. తర్వాత వచ్చిన కొద్దిపాటి సమాచారమునుబట్టి చూడగా, అది మేల్కొనుట, మూర్ఛిల్లుట, మఱల మేల్కొనుట, ఇట్లు 60 పర్యాయములకు మించి చేసినదని తేలినది. రాత్రులు నిద్రించి బ్యాటరీని కాపాడుకొనవలసిన యంత్రము నిద్రపోవుట లేదు. బ్యాటరీ క్షీణించుచున్నది. ఇట్లు కొన్ని దినములు జరిగిన దాని ప్రాణము దక్కదు.

కారణము విచారింపగా, దేహమున నే లోపమును లేదు. ఏడు మాసముల ప్రయాణములోను, దిగిన తరువాతను వ్రాసికొన్న ఫైళ్లు భాండారమున వేలకొలది పేఱుకొనియున్నవి. మేల్కొనినప్పుడెల్ల రోవరు వాని పట్టికను తన పనిపలకపైకి, అనగా తాత్కాలికమైన మెమొరీలోనికి, తెచ్చుకొనవలెను. పట్టిక పెరిగి పెరిగి పలకపై పట్టకపోయెను. ఫైళ్లను తీసివేసినను పట్టికలో వాని స్థలము మాత్రము తఱుగని విధమున నది నిర్మింపబడియుండెను. ఇంజనీర్లు ఈ ప్రోగును ముందే గమనించి, పాత ఫైళ్లను తొలగించుటకొక చిన్న ప్రోగ్రామును రెండు భాగములుగ పంపిరి. అందొక భాగము మాత్రమే చేరినది. తప్పిన భాగమును మఱల పంపుటకు దినము నిర్ణయించుకొనియుండగా, ఆ దినము రాకమునుపే యీ యాపద సంభవించినది. సగము చేరిన పాఠమువలన నెంత కీడు వాటిల్లునో యిందు చూడవచ్చును.

వారు చేసిన చికిత్స మాకు మిక్కిలి నచ్చినది. క్రొత్త సాఫ్ట్‌వేరును హడావుడిగ పంపలేదు. “భాండారపు తలుపు తెఱవకుండ మేల్కొనుము” అని ఆజ్ఞ పంపిరి. అట్టి యవస్థలో మేల్కొను విధము నిర్మించునాడే యందు చేర్చియుంచిరి. అనుమానమున్న వస్తువును ప్రక్కన బెట్టి, తక్కిన వానితో రోగిని కూర్చుండబెట్టుట యన్నమాట. రోవరు కూర్చుండెను, మాటలాడెను, రాత్రి నిద్రించెను. పిమ్మట నింపాదిగ ఫైళ్లను తొలగించి, ఫిబ్రవరి మొదటివారమున భాండారమును తుడిచి శుభ్రపఱచిరి. ఏప్రిల్ మాసమున స్పిరిట్‌కును, దాని జంటయైన ఆపర్చునిటీకిని నూతన సాఫ్ట్‌వేరును పంపి మార్చిరి. తొంబది దినములకని పంపిన స్పిరిట్ 2010 మార్చి వఱకు భూమితో మాటలాడినది.

తరువాత వచ్చిన క్యూరియాసిటీ దాదాపు 900 కిలోల బరువుగలది. దీనికి కంప్యూటర్లు రెండు. 2012 ఆగస్టు 6వ తేదీన దిగిన కొలది దినములకే దాని బుద్ధిని పూర్తిగ మార్చిరి. దిగునప్పటి విద్య వేఱు, దిగిన పిదప నడచుట, చేయి చాచి రాతిని తొలుచుట యను విద్యలు వేఱు. క్రొత్త సాఫ్ట్‌వేరును ముందుగనే చేర్చియుంచి, మొదటి దినమున తాత్కాలికముగ మేల్కొలిపి చూచిరి. ఏటిలో దిగువారు ముందు కాలిబొటనవ్రేలు తడిపి చూచినట్లే యిది. బాగుగ నున్నదని తోచిన పిమ్మట రెండవ దినమున స్థిరపఱచిరి. తర్వాతి రెండు దినములు రెండవ కంప్యూటరునకు. ఈ నాలుగు దినములును రోవరు అడుగైన కదలలేదు. ప్రపంచమంతయు క్రొత్త చిత్రములకై యెదురుచూచుచుండగా నాలుగు దినములు కదలకుండ నిలుపుటకు గుండెదిటవు కావలెను. రెండవ కంప్యూటరును సిద్ధపఱచిన కష్టము ఊరకపోలేదు. 2013 ఫిబ్రవరి కడపట మొదటిదాని మెమొరీ చెడగా, రెండవదానితో పని సాగించిరి. 2023 ఏప్రిల్ 3 మొదలు 7వ తేదీ వఱకు పనులన్నియు నాపి, దాదాపు 180 మార్పులుగల మఱియొక సాఫ్ట్‌వేరును నెక్కించిరి. చక్రముల యఱుగుదలను తగ్గించుటయు, త్వరగా నడచుటయు నందు ముఖ్యములు.

ఇంజెన్యూటీ యను చిన్న హెలికాప్టరు కథ వేఱొక తీరున నడచినది. బరువు 1.8 కిలోలు. దీని ప్రధాన ఇంజనీరు బాబ్ బలరామ్ గారు మన మదనపల్లె దగ్గఱనున్న రిషివ్యాలీ పాఠశాలలోను, పిదప మద్రాసు ఐ.ఐ.టి.లోను చదివినవారు. 2021 ఏప్రిల్ 9వ తేదీన ఱెక్కలను వేగముగ త్రిప్పి చూడబోగా, వాచ్‌డాగ్ అను కాపరి నడుమనే పరీక్షను నిలిపివేసినది. యంత్రము గడువులోపల తన పనిని ముగింపనిచో, ఏదో పొరపాటున్నదని తలచి యాపుట ఈ కాపరి ధర్మము. వారియెదుట రెండు త్రోవలుండెను. ఒకటి, సాఫ్ట్‌వేరునే మార్చివేయుట. రెండవది, ఉన్న సాఫ్ట్‌వేరును కదపక, ఆజ్ఞలను పంపు వరుసలో కొలది మార్పు చేయుట. రెండవదానివలన నూటికి 85 పాళ్లు ఎగురునని వారు లెక్కవేసిరి. రెండేండ్లకు చేరువగ నిలుకడగ పనిచేసిన బుద్ధిని మొదటి యెగురుటకు ముందు కదల్చనేలయని రెండవ త్రోవనే పట్టి, క్రొత్త సాఫ్ట్‌వేరును సిద్ధముగ నుంచుకొనిరి. ఏప్రిల్ 19వ తేదీన హెలికాప్టరు 3 మీటర్ల యెత్తుకెగసి, 39 సెకండ్లు గాలిలో నిలిచినది. ఏప్రిల్ 29వ తేదీన ఆ మిగిలిన పదునైదు పాళ్లు ఎదురై యెగురలేదు. మఱునాడు మఱల ఆజ్ఞ పంపగా నెగిరినది. అట్లు 2024 జనవరి వఱకు 72 పర్యాయము లెగిరినది.

ఇక మన యింటి రోబో మాట. అప్‌డేట్ వచ్చినదని ఫోనులో కనబడగనే నొక్కవలసిన తొందర లేదు. దొంగలు చొఱబడకుండ లోపలి గడియలు బిగించు అప్‌డేట్లు కొన్ని యుండును. వానిని వారముల తరబడి వాయిదా వేయరాదు. కాని చుట్టములు వచ్చు దినమునను, కరెంటు పోవుననిన వేళలోను మొదలిడుట వివేకము కాదు. యంత్రమును పీఠముపై నుంచి, బ్యాటరీని నిండ నింపి, ఫోనులోని యాప్‌ను ముందు సరిక్రొత్తగ చేసికొని, అప్పుడు మొదలిడవలెను. యాప్ పాతదై యంత్రము క్రొత్తదైనచో, ఒకరి భాష యొకరికి తెలియనట్లుండును. జరుగుచున్నంతసేపు యంత్రము నెత్తరాదు, బటను నొక్కరాదు. అరగంట యైనను ఊరకుండుట యన్నిటికంటె కష్టమైన పని.

విఫలమైనచో, ఏది తెగినదో ముందు చూడవలెను. పాఠము దిగుచుండగానే తెగినయెడల భయములేదు. ముద్ర సరిపడనందున యంత్రము దానిని త్రోసివేసి, పాత బుద్ధితోనే యుండును. దోషము తఱచు వైఫైది. మా వీథిలో నొక వృద్ధురాలి యింట యంత్రము మూడుమాఱులు అప్‌డేట్ తప్పి, చెడినదని మూలబెట్టబడి, రెండు నెలలు ఆమెయే నడుము వంచి యూడ్చుకొన్నది. ఆమె మమ్ము పిలిచినప్పుడు పోయి చూడగా, పీఠము పెరటి వసారాలో నున్నది. వైఫై పెట్టె వీథి గదిలో నున్నది. నడుమ రెండు మట్టిగోడలు. పీఠమును నడవలోనికి మార్చి, వైఫై పెట్టెను ఆర్పి వెలిగించి, మఱల మొదలిడగా నా సాయంకాలమే పాఠము పూర్తియైనది. “పిన్నిగారూ, ఇంతేనండీ” అనగా ఆమె, “ఇంతే యని ముందెవరు చెప్పిరమ్మా?” యనెను. చాల రోబోలు 2.4 గిగాహెర్ట్జ్ అను వైఫైని మాత్రమే వినగలవు. ఇంట రెండు పేరులతో వైఫై యున్నచో ఇదియు చూచుకొనవలెను.

పాఠము చేరియు, యంత్రము మేల్కొనుట, ఆఱుట, మఱల మేల్కొనుట చేయుచున్నచో స్పిరిట్ స్థితి యన్నమాట. పీఠముపై నుంచి గంటసేపు కదపకుండ వదలుడు. రెండు గదులున్న యంత్రమైన పాతదానికి తనంత తిరిగిపోవచ్చును. అట్లు కాకున్న, వెంట వచ్చిన చిన్నపుస్తకములో చెప్పిన బటనును చెప్పినంతసేపు పట్టి మఱల ప్రారంభింపవలెను. ఆ పుస్తకములను పాఱవేయక, రేషను కార్డు లుంచుచోట నుంచుడు. మేల్కొని తిరుగుచున్నను గోడలను గ్రుద్దుకొనుచున్నదా? అప్‌డేట్‌నే నిందింపక, ముందు దాని కన్నులను పొడిగుడ్డతో తుడువుడు. పిండిదుమ్ము పట్టిన కన్నులకు క్రొత్త బుద్ధి యేమి చేయును?

ఇవేవియు పనికిరానప్పుడే ఫ్యాక్టరీ రీసెట్. దీనిని ఫోనులో మొదటి మందుగ చెప్పువారు పెక్కురు. కాని దానివలన యంత్రము మన యింటినే మఱచును. ఏ గది యెక్కడ, దేవుని మూలకు పోరాదను హద్దెక్కడ, ఉదయమెన్ని గంటలకు లేవవలెనను నవన్నియు చెఱగును. కొన్ని యంత్రములలో నింటి పటమును యాప్‌లో దాచుకొను వీలుండును. ఉన్నచో ముందు దాచుకొనవలెను. రీసెట్‌వలనను లేవనిచో, చేసినవారి సేవాకేంద్రమునకు వ్రాయుడు. అప్‌డేట్ తేది, వెలుగుచున్న దీపము రంగు, చేసిన పనుల వరుస కాగితముపై నుంచుకొని మాటలాడినచో, “మీ యింట మగవారెవరైన నున్నారా” యని యడుగు నవకాశము తగ్గును.

లేచినచో నిల్లు మఱల నేర్పవలెను. మొదటి రెండు దినములు కుర్చీలను ఎప్పటిచోటనే యుంచి, వ్రేలాడు చీరచెఱగులను, పిల్లల బొంగరపు త్రాళ్లను, ఛార్జరు తీగలను నేలమీదినుండి తీసి, గదుల తలుపులన్నియు తెఱచి వదలుడు. గడపలు ఎత్తుగనున్న యిండ్లలో నొక్కొక్క గదిని వేఱువేఱుగ చూపవలసియుండును.