అంబులెన్సుకు వేగం ఒక్కటే చాలదు

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలయ్యాక, అంబులెన్సు అంటే రోగిని మోసుకెళ్లే బండి అన్న అభిప్రాయం కొంత మారింది. పూర్తిగా మారలేదు. అందులో ఉండే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌కు శరీరశాస్త్రం ఎందుకు, కట్టు కట్టి ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి చేరిస్తే చాలదా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. చాలదు. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆసుపత్రి అంత దగ్గర్లో ఎందరికుంటుంది? స్పృహ తప్పి వెల్లకిలా పడివున్న మనిషినే చూడండి. కండరాల పట్టు సడలి నాలుక వెనక్కి జారుతుంది, గొంతులో గాలిదారి మూసుకుంటుంది. గురకలాంటి చప్పుడు విని చుట్టూ ఉన్నవాళ్లు నిద్రపోతున్నాడనుకుంటారు. శిక్షణ పొందిన చెవికి అది ప్రమాద హెచ్చరిక. తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తితే దారి తెరుచుకుంటుంది. కానీ అతను బైకు మీంచి పడ్డవాడైతే మెడ ఎముక విరిగి ఉండొచ్చు, వంచితే వెన్నుపాముకే ముప్పు. అప్పుడు తల కదల్చకుండా కింది దవడను మాత్రమే ముందుకు తోయాలి.

అనుభవమే అన్నీ నేర్పుతుందని కొందరి వాదన. అనుభవం విలువను కాదనలేం. గుండె ఆగినవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతున ఛాతీ నొక్కడం బొమ్మ మీద పదేపదే చేస్తేనే ఒంటబడుతుంది. అయితే తాగి తూలుతున్నాడనుకున్న మధుమేహ రోగికి నిజానికి రక్తంలో చక్కెర పడిపోయి ఉండొచ్చు. ఆ సంగతి చదువుకోనివాడికి గ్లూకోమీటరు తీయాలని తోచదు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనిస్తేనే గుండెలో రక్తం తిరిగి నిండుతుందని తెలిసినవాడు, చేతులు ఎంత అలసినా ఆ మెళకువ వదలడు.